రెండు నిమిషాల గంట

ఫిబ్రవరి 11

మావయ్యా,

చెడ్డ కబురు మొదటే చెప్పేస్తున్నాను. లేకపోతే నువ్వు ఉత్తరం తిరగేసి చివరినుంచి వెతుక్కుంటావు. పరీక్ష పోయింది. బిజినెస్ స్కూల్ ఎంట్రన్సు రాశానని అమ్మ నీకు ఊదరగొట్టే ఉంటుంది, ఫలితం సంగతి మాత్రం రాసి ఉండదు. నూటికి అరవై రెండు మంది నాకంటే వెనక ఉన్నారట. సీటు కావాలంటే కనీసం ఎనభై మంది వెనక ఉండాలి.

లెక్కలు రాక పోయి ఉంటే ఇంత ఉడుక్కునేదాన్ని కాదు. ముప్పై ప్రశ్నలు, అరవై నిమిషాలు. అంతా కంప్యూటర్ మీదే. ఒకసారి జవాబు నొక్కి ముందుకు పోతే ఇక వెనక్కి రానివ్వదు. అది తెలిసి కూడా ప్రతి లెక్కా చేసి, నొక్కబోయేముందు ఆగి, మళ్ళీ మొదటినుంచి చేశాను. ఇంకా ఏడు ప్రశ్నలు ఉండగానే తెర మూసుకుపోయింది. చేసిన ఇరవై మూడింట్లో ఇరవై ఒకటి ఒప్పేనట. ఆ మాట విన్నాక ఏడుపు ఇంకా ఎక్కువైంది.

ఈ రోగం ఎవరు అంటించారో నీకు తెలుసు. ఎనిమిదేళ్ళప్పుడు సెలవులకు వస్తే నీ గడియారాల కొట్లో కూర్చోబెట్టి మరలు లెక్కపెట్టించావు. ఒకసారి లెక్కపెట్టినవాడు పొరపాటు చేస్తాడు, రెండుసార్లు లెక్కపెట్టినవాడు కంటినిండా నిద్రపోతాడు అన్నావు. బస్సు డిపోలో డ్యూటీ చార్టులు వెయ్యడానికి ఆ మాట బాగానే పనికొచ్చింది. నూట నలభై మంది డ్రైవర్లకు పదకొండేళ్ళుగా చార్టు వేస్తున్నాను, ఒక్క మనిషిని రెండు బస్సులెక్కించిన పాపాన పోలేదు. కానీ నాకంటే ఆరేళ్ళు వెనక చేరిన మనిషి ఆ డిగ్రీ ఒకటి పట్టుకొచ్చి ఇప్పుడు నా పై కుర్చీలో కూర్చున్నాడు. నా చార్టు మీద చదవకుండా సంతకం పెడతాడు. చదివి పెడితే ఇంత మంట ఉండేది కాదు.

మళ్ళీ రాస్తున్నాను, ఏప్రిల్ 13న. అదే ఆఖరు. డిపోలో చదువు కోసం సెలవు ముప్పై అయిదేళ్ళలోపు వాళ్ళకే ఇస్తారు, నాకు జూన్‌తో నిండిపోతాయి. ఈసారి అమ్మకు చెప్పలేదు, నువ్వు కూడా చెప్పకు. నీ చెవులు సరిగ్గా ఉంటే ఫోన్లోనే గొడవపడేదాన్ని. ఏం చేస్తాం, కాగితం మీద తిట్టుకుంటున్నాను.

కాలు కాలిన పిల్లి,
నీ మేనకోడలు


ఫిబ్రవరి 17

సెకన్ల ముల్లుకు,

పుట్టినప్పటినుంచి ఒకచోట కూర్చోవని నీకు ఆ పేరు పెట్టినవాణ్ణి నేనే. నీ ఉత్తరం మొదటినుంచే చదివాను. తర్వాత నువ్వన్నట్టే చివరినుంచి కూడా చదివాను, ఏమైనా దాచావేమోనని.

రోగం నేను అంటించానంటున్నావు. ఒప్పుకుంటాను, కానీ సగమే. రెండుసార్లు చూడమన్నది గడియారం విప్పినప్పుడు. గడియారం ఎంతసేపైనా కూర్చుంటుంది, పరీక్ష కూర్చోదు. ఏది ఎక్కడ వాడాలో తెలియకపోతే ఆ తప్పు నేర్పినవాడిది కాదు. నా కొట్లో నిదానమే ప్రధానం అని బోర్డు ఉంటుంది. ఆలస్యం అమృతం విషం అన్నవాళ్ళు కూడా మనవాళ్ళే. నువ్వు మొదటిది ఒకటే చదివి పైకొచ్చావు.

చెవుల సంగతంటావా, అవి పూర్తిగా దుకాణం కట్టేశాయి. వాచీ ఆడుతోందో లేదో తెలుసుకోవడానికి ఇప్పుడు పళ్ళమధ్య పట్టుకుంటున్నాను. దవడ ఎముకకు ఆ కదలిక తెలుస్తుంది. వచ్చినవాళ్ళు వాళ్ళ వాచీని నేను కొరుక్కు తింటానేమోనని గుడ్లప్పగించి చూస్తారు. మొన్న ఒకాయన ఆగిపోయిన టేబుల్ గడియారం తెచ్చాడు. కీ ఇచ్చారా అని అడిగితే, అదీ నేనే ఇవ్వాలా అని కాగితం మీద రాసి చూపించాడు. ఇలాంటివాళ్ళ పుణ్యమా అని బతుకుతున్నాను.

నీకొక మందు చేస్తున్నాను. పాత అలారం గడియారం ఒకటి పడి ఉంది. దాని పొట్ట విప్పి, రెండు నిమిషాలకొకసారి గంట కొట్టేలా మారుస్తున్నాను. ప్రశ్న మొదలుపెట్టు, గంట కొడితే వదిలెయ్యి, తప్పో ఒప్పో తర్వాతి దానికి పో. నా చేతిమీదుగా వెళ్ళిన ప్రతిదానికీ వెనకమూత లోపల తారీఖు, నా గుర్తు గీసి పంపుతానని నీకు తెలుసు. ఏనాటికైనా ఇంకొక రిపేరువాడు మూత తీస్తే, ముందు ఎవరి చెయ్యి పడిందో వాడికి తెలియాలి. దీనికీ గీస్తాను. కాబట్టి ఆటవస్తువులా చూడకు.

అక్కయ్యకు చెప్పను. నా నోట్లో వాచీలు ఉంటాయి, మాటలు రావు.

మావయ్య


మార్చి 2

మావయ్యా,

గంట క్షేమంగా చేరింది. ఎంత పాత గుడ్డలు చుట్టావంటే మీ అల్లుడు ముందు ఏదో బట్టల మూట అనుకున్నాడు. వంటగది బల్ల మీద పెట్టాను. ఇల్లంతా కలిపి రెండు గదులే కాబట్టి ఎక్కడ పెట్టినా రెండింట్లోనూ మోగుతుంది.

పొద్దున్న అయిదున్నరకు లేచి ముప్పై ప్రశ్నలు, డిపోనుంచి వచ్చాక ఇంకో ముప్పై. ఆ గంటకు మీ అల్లుడు కూడా అలవాటుపడ్డాడు. పొద్దున్న అది మోగినప్పుడల్లా చేతిలో కప్పు టక్కున కింద పెట్టేస్తున్నాడు. ఆసుపత్రిలో లిఫ్టులు బాగుచేసే మనిషి కదా, గంట వినబడితే ఎక్కడో ఎవరో ఇరుక్కున్నట్టే ఉంటుందట.

గంట మాత్రం భేషుగ్గా ఉంది. తేడా అంతా నాలోనే. ప్రతి ప్రశ్నా ఇంకో పావు నిమిషం ఉంటే అయిపోతుందనగా మోగుతోంది. రోజంతా కుదురు లేదు. చార్టు వేస్తూ లేచి కారిడార్ చివరిదాకా నడిచి వస్తున్నాను. మీసాల డ్రైవరొకాయన చూసి, "ఏంటమ్మా, మీరు కూడా ట్రిప్పులు కొడుతున్నారా" అన్నాడు.

నీ చేతులు ఎలా ఉన్నాయి? అడగాలనిపించి అడిగాను.

నీ మేనకోడలు


మార్చి 8

సెకన్ల ముల్లుకు,

చేతులు మోచేతుల చివర్లోనే ఉన్నాయి. ఇదేం ప్రశ్న?

నేనొకటి అడుగుతాను, దాచకుండా చెప్పు. ఆ గంట రెండు నిమిషాలకే కొడుతోందో లేదో నువ్వు కొలిచి చూశావా? నిన్ను ఎరిగినవాడిగా అడుగుతున్నాను. పండు కొంటే రెండు తక్కెళ్ళలో తూచే మనిషివి.

పావు నిమిషం తక్కువవుతోందంటే అది నీ పాత రోగమే. చివర్లో మళ్ళీ వెనక్కి చూస్తున్నావు. చూడకు. మొదట ఏది తోస్తే అది నొక్కు. అరవై ఎనిమిదేళ్ళవాడు ఈ మాట చెబుతున్నాడంటే ఎంత దిగి వచ్చాడో ఆలోచించు.

మా వీధిలో కొత్తగా రోడ్డు తవ్వుతున్నారు. అందరూ చెవులు మూసుకుని తిరుగుతుంటే నేనొక్కణ్ణే రాజాలా కూర్చున్నాను. బల్ల అదిరినప్పుడల్లా చిన్న మరలు వాటంతట అవే నడిచిపోతున్నాయి, అదొక్కటే చిక్కు.

మావయ్య


మార్చి 15

మావయ్యా,

కొలవలేదు. నువ్వు చేసినదాన్ని నేను కొలుస్తానా?

నిన్న ఇరవై ఎనిమిది ప్రశ్నలదాకా వెళ్ళాను. మొన్న ఇరవై అయిదు, అంతకుముందు ఇరవై తొమ్మిది. ఒక రోజు గుర్రం ఎక్కినట్టు, మర్నాడు గాడిదమీంచి పడ్డట్టు. రాసి రాసి వేళ్ళు నొప్పి పుడుతున్నాయి, కాళ్ళు మాత్రం ఇంకా నడుద్దామంటున్నాయి.

ఒక మాట చెబుతాను, కోపం తెచ్చుకోకు. కొట్టు ఒక నెల మూసి మా ఇంటికి రారాదూ? కిందటిసారి నేను వచ్చినప్పుడు నువ్వు టీ పోస్తుంటే సగం సాసర్లోనే ఉంది. నీ ఉత్తరాల్లో అక్షరాలు కూడా గీతలు దాటి పోతున్నాయి. నలభై ఏళ్ళు భూతద్దం కంటికి పెట్టుకుని చేశావు, ఇంక చాలదా? మీ అల్లుడు ఆసుపత్రిలో మంచి డాక్టరుకు చూపిస్తానంటున్నాడు. ఇక్కడ కిటికీ పక్కన మంచం వేస్తాను. నీకు చెయ్యడానికి పనేమీ ఉండదు.

నీ మేనకోడలు


మార్చి 20

అమ్మాయికి,

నా కొట్టు తాళం సంగతి నీకెందుకు వచ్చింది? మీ అమ్మ రాయించిందా? నలభై ఏళ్ళు కాదు, నలభై ఆరు. అది కూడా సరిగ్గా లెక్కపెట్టలేనిదానివి నా అక్షరాలు గీతలు దాటాయని లెక్కపెట్టావా?

టీ సంగతంటావా, ఆ కెటిల్ మూతి వంకర. చెయ్యడానికి పని లేనిచోట నేనేం చెయ్యాలి, మీ ఆయన లిఫ్టులెక్కి దిగుతూ కూర్చోనా? నీకు మంచి చేద్దామని పది రోజులు అదొక్కటే పనిగా కూర్చున్నాను. దానికి ఇదా నువ్వు కట్టే పట్టం.

నీ పరీక్ష అయ్యేదాకా నాకు రాయకు, నేనూ రాయను. చదువుకో.

వాచీ రిపేరువాడు


ఏప్రిల్ 1

మావయ్యా,

రాయకూడదన్నావు. రాయకుండా ఉండలేక రాస్తున్నాను. ఇది చదివాక నిజంగానే రాయడం మానేస్తావేమో.

నేను అబద్ధం చెప్పాను. నీ గంటను కొలిచాను. వచ్చిన మూడో రోజే డిపోకు తీసుకెళ్ళి, బస్సులవాళ్ళు టైము చూసుకునే పెద్ద గడియారం కింద పెట్టి కొలిచాను. పదిసార్లు కొట్టడానికి ఇరవై నిమిషాలు పట్టాలి, పదిహేడున్నరే పట్టింది. మళ్ళీ కొలిచాను. పదిహేడున్నరే. ప్రతిసారీ పదిహేను సెకన్లు తక్కువ.

నీ చేతులు పోయాయనుకున్నాను. చెవులు పోయాయి, ఇప్పుడు చేతులు. ఆ మాట నీతో ఎలా అనను? అందుకే భేషుగ్గా ఉందన్నాను, గంట కొట్టాక మనసులో పదిహేను లెక్కపెట్టుకుంటూ చదివాను. ప్రశ్న చూసుకోనా, పదిహేను లెక్కపెట్టుకోనా? రెండూ కుదరక బుర్ర పాడైంది. కొట్టు మూసి రమ్మన్నది కూడా అందుకే. అమ్మకేమీ తెలియదు, పాపం.

నీ ఉత్తరం చూశాక ఒళ్ళు మండి, మొన్న తిన్నింటి వాసాలు లెక్కపెట్టే పని చేశాను. బస్టాండు వెనక ఒకావిడ వాచీ కొట్టు ఉంది, భర్త పోయాక తనే నడుపుతోంది. ఆవిడకిచ్చి, సరిగ్గా రెండు నిమిషాలకు దిద్దమన్నాను. ఆవిడ వెనకమూత తీసి, కంటికి అద్దం పెట్టుకుని లోపల చాలాసేపు చూసింది. తర్వాత మూత తిప్పి నాకు చూపించింది. నీ గుర్తు, తారీఖు, కింద వంకర అక్షరాలతో: ఒక నిమిషం నలభై అయిదు, కావాలనే.

ఆవిడ, "చేసినాయన వయసెంత?" అని అడిగింది. చెప్పాను. "కావాలని చేసినదాన్ని నేను ముట్టుకోను. దీంతోనే చదువుకో" అని మూత బిగించి ఇచ్చేసింది. పని చెయ్యలేదు కాబట్టి తన గుర్తు కూడా గియ్యనంది.

వీధిలోనే నిలబడి ఏడ్చాను మావయ్యా. సమయం బిగించి అలవాటు చేస్తే పరీక్షలో వదులుగా ఉంటుందని నువ్వు ఆలోచించావు. నేను నీ చేతులను అనుమానించాను. కొలిచావా అని అడిగావు చూడు, అప్పుడైనా చెప్పాల్సింది.

పదిహేను లెక్కపెట్టడం ఆపేశాను. గంట కొడితే వదిలేస్తున్నాను. ఇంకా పన్నెండు రోజులున్నాయి. ఒక్క ముక్క రాయి, తిట్టినా సరే.

సిగ్గుతో,
నీ మేనకోడలు


ఏప్రిల్ 5

సెకన్ల ముల్లుకు,

కావాలనే చేశాను. ఇంకేమీ లెక్కపెట్టకు.

వేరేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళినందుకు తర్వాత తీరిగ్గా తిడతాను, ఇప్పుడు నీకు టైము లేదు. పరీక్షకు ముందురోజు పుస్తకం ముట్టుకోకు. కాళ్ళు నడుద్దామంటే నడువు. హాల్లో గంట ఉండదు, నీ ఒంట్లో అది కొడుతుంది, నమ్ము.

మావయ్య


ఏప్రిల్ 14

మావయ్యా,

ఎనభై ఒకటి.

ఆ అంకె పక్కన ఇంకేమీ రాయకుండా పంపేద్దామనుకున్నాను, కానీ నువ్వు కవరు దులిపి చూస్తావు.

రెండు గంటల ముందే వెళ్ళి ఆ వీధి చుట్టూ ఆరుసార్లు తిరిగాను. గేటు దగ్గర కాపలా ఆయన, ఎవరినైనా వెతుకుతున్నావా అని అడిగాడు. లోపల చిన్న చిన్న గదులు, మనిషికొక గోడ. మొదటి ప్రశ్నకే చెయ్యి మళ్ళీ వెనక్కి పోయింది, మొదటినుంచి చేద్దామని. అప్పుడు గంట కొట్టింది. నిజంగా కొట్టలేదు, నాకే వినబడింది. నొక్కేశాను. ఆ తర్వాత ఒక్కదాన్ని కూడా రెండోసారి చూడలేదు. కొన్ని తప్పులు నొక్కానని నొక్కేటప్పుడే తెలుసు. పోనీ అనుకున్నాను. పోనీ అనుకోవడం నా జన్మలో అదే మొదలు.

ముప్పైయో ప్రశ్న అయ్యాక తెర మీద చూస్తే ఇంకా ఏడు నిమిషాలు మిగిలి ఉన్నాయి. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నువ్వు మిగిల్చిన ఏడు నిమిషాలు.

ఫలితం అక్కడే తెర మీద వచ్చేసింది. ఈ పొద్దున్నే డిపోలో సెలవు కాగితం ఇచ్చేశాను. పై కుర్చీ ఆయన దాన్ని కూడా చదవకుండా సంతకం పెట్టాడు. ఈసారి ఏమీ అనిపించలేదు. అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. రెండోసారి రాస్తున్నట్టు ముందే చెప్పనందుకు అరగంట తిట్టి, ఆ తర్వాత ఏడ్చింది. మీ అల్లుడు ఆ గంటను బీరువాలో పెట్టి తాళం వేద్దామంటున్నాడు, నేను ఒప్పుకోలేదు.

నీ చేతులను ఇక ఎప్పుడూ అనుమానించను.

కుదురుగా కూర్చుని రాస్తున్న,
నీ మేనకోడలు


ఏప్రిల్ 19

సెకన్ల ముల్లుకు,

నీ ఉత్తరం కొట్టుకు వచ్చిన నలుగురికి చదివి వినిపించాను. ఎంత గట్టిగా చదివానో నాకు తెలియదు, ఎదురు కొట్టువాళ్ళు కూడా వచ్చారు. చాలా సంతోషంగా ఉందమ్మా. ఈ మాట ఇంతకంటే బాగా రాయడం నాకు రాదు.

కానీ చివరి మాట ఒకటి రాశావు. దాని దగ్గర ఆగిపోయాను. రెండు రోజులుగా అక్కడే ఆగి ఉన్నాను.

కావాలని చెయ్యలేదు.

రెండు నిమిషాలకే చెయ్యాలని కూర్చున్నాను. ఆ గడియారం లోపల వెంట్రుకంత సన్నని స్ప్రింగు ఒకటి ఉంటుంది. దాన్ని కావలసిన పొడవుకు కత్తిరించాలి. పొడుగైతే గడియారం నిదానంగా నడుస్తుంది, పొట్టిదైతే పరుగెడుతుంది. ఒకసారి కత్తిరించాను, చెయ్యి వణికి కొంచెం ఎక్కువ తెగింది. కొన సరిచేద్దామని మళ్ళీ పట్టుకుంటే ఇంకొంచెం తెగింది. మూడోసారీ అంతే. అలాంటి స్ప్రింగు ఇప్పుడు ఎక్కడా దొరకదు. కొలిచి చూస్తే ఒక నిమిషం నలభై అయిదు. నలభై ఆరేళ్ళలో తప్పు గడియారం ఒక్కటి కూడా నా కొట్టు దాటలేదు. వెనకమూత మీద ఏం గియ్యాలో తెలియక ఒక పూటంతా కూర్చున్నాను. చివరికి ఆ మాట గీశాను, ఇంకెవరైనా తీసి చూస్తే ముసలాడి చెయ్యి పోయిందనుకోకుండా.

కొలిచావా అని నిన్ను అడిగింది నువ్వు పట్టేస్తావన్న భయంతోనే. కొట్టు మూసెయ్యమన్నప్పుడు అంత కోపం వచ్చింది కూడా అందుకే. నీ ఏప్రిల్ ఒకటో తారీఖు ఉత్తరం చదివి, నిజం రాద్దామని కాగితం తీశాను. రాస్తే నువ్వు మళ్ళీ పదిహేను లెక్కపెట్టడం మొదలుపెడతావు. అందుకని ఇంకోసారి అబద్ధం రాశాను. ఆ బస్టాండు వెనక ఆవిడకు తెలిసే ఉంటుంది. స్ప్రింగు కొన మీద మూడు కోతలు కంటికి కనిపిస్తాయి. నీ మొహం చూసి ఊరుకుంది, మంచి మనిషి. వెళ్ళి నా తరఫున చెప్పు.

ఏడు నిమిషాలు నేను మిగిల్చినవి కావు. నా చెయ్యి జారితే వచ్చినవి. నువ్వు వాటిని పనికొచ్చేలా చేసుకున్నావు. రెండుసార్లు కొలిచి నువ్వు పట్టుకున్న తప్పు నిజంగా తప్పే. కాబట్టి ఆ అలవాటు పరీక్ష హాల్లో వదిలేశావు సరే, ఇంటికి మాత్రం తెచ్చుకో.

చేతి వాచీలు ఇక తీసుకోనని కొట్టు ముందు బోర్డు పెట్టించాను. గోడ గడియారాలు చూస్తాను, వాటి మరలు పెద్దవి. డాక్టరు సంగతి అల్లుణ్ణి అడగమను. కిటికీ పక్కన మంచం వద్దు, బల్ల దగ్గర ఒక కుర్చీ ఉంటే చాలు.

కాలేజీ తెరిచేలోపు ఒక ఆదివారం రా. ఆ గంట తీసుకురా. వెనకమూత లోపల ఆ ఆఖరి మాట కొట్టెయ్యాలి. నా చేత్తో గీస్తే గీత పక్కకు పోతుంది. నువ్వు గియ్యి, నేను పక్కన కూర్చుని రెండుసార్లు చూస్తాను.

మీ మావయ్య